ముందు ఫ్రిజ్, తర్వాతే బండి

మోటార్‌హోమ్ కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది బండి ఎంత పొడవు, పడకలు ఎన్ని, ఏసీ ఉందా అని. ఫ్రిజ్ మాట చివర్లో వస్తుంది. అదీ లోపల చెక్కపని అంతా అయిపోయాక, మిగిలిన గూట్లో ఏది పడితే అది దూర్చేద్దామన్నట్టు వస్తుంది. నా లెక్కలో ఇది తలకిందుల వ్యవహారం. బండిలో రాత్రనక పగలనక కరెంటు అడిగే పెద్ద సామాను ఫ్రిజ్ ఒక్కటే. దాన్నిబట్టి బ్యాటరీ, బ్యాటరీని బట్టి సోలార్ పలక, పలకను బట్టి పైకప్పు వైశాల్యం తేలతాయి. బండి సంగతి ఆ తర్వాత. భిలాయి పక్కన ఉతైలో ఉండి ఈ మాట అనడానికి కారణం ఎండ. దుర్గ్ జిల్లాలో మే నెల పాదరసం 45 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పటి నుంచీ ఉక్కు కర్మాగారం పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంతూళ్లు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపే. పిల్లల సెలవులు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు అన్నీ ఆ మండువేసవిలోనే పడతాయి. (దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ ఎనిమిది గంటల్లో దింపుతుంటే వ్యాన్ ఎందుకంటారా? రైలు దారిలో నచ్చినచోట ఆగదు, అంతే.)

యూరప్ తయారీ మోటార్‌హోమ్‌లు చూసి వచ్చినవాళ్లు ముందుగా చెప్పేది అబ్సార్ప్షన్ ఫ్రిజ్ గురించి. గ్యాసు మీద, బండి బ్యాటరీ మీద, ఇంటి కరెంటు మీద మూడు రకాలుగానూ నడుస్తుంది. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఫన్ ప్లాటెన్, మున్టెర్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టిన పద్ధతి ఇది. ఎలక్ట్రోలక్స్ దాన్ని కొని ప్రపంచమంతా అమ్మింది. ఇందులో తిరిగే భాగమంటూ లేదు. కింద చిన్న మంట, పైన గొట్టాల్లో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్. మంట వేడికి నీటిలోంచి అమ్మోనియా విడిపోయి, పైకెళ్లి చల్లబడి ద్రవమై, లోపలి గొట్టంలో హైడ్రోజన్ మధ్య ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాగేస్తుంది. చప్పుడు ఉండదు. కరెంటు లేని అడవిలోనూ పనిచేస్తుంది. తెలివైన యంత్రమే, కాదనను. కానీ ఇది చలిదేశపు తెలివి. ఫ్రిజ్‌ల మీద వాతావరణ తరగతి రాసి ఉంటుంది: ‘ఎన్’ అంటే బయట 32 డిగ్రీల వరకు, ‘ఎస్‌టీ’ అంటే 38, అన్నిటికన్నా గట్టిదైన ‘టీ’ అంటే 43. మన మే నెల మధ్యాహ్నం ఆ పట్టికకు అవతల ఉంటుంది. పైగా అమ్మోనియా చల్లబడాల్సిన గొట్టాలు ఉండేది బండి గోడ వెనక. అక్కడ వేడి బయటికన్నా ఎక్కువ.

రెండో ఇబ్బంది వాలు. గొట్టాల్లో ద్రవం తన బరువుతోనే కిందికి జారాలి కాబట్టి బండి సమంగా నిలబడాలి. నడుస్తున్నంతసేపు కుదుపులకు అటూ ఇటూ కదులుతుంది కనుక పరవాలేదు. ఆపినప్పుడే చిక్కు. జగదల్‌పూర్ మీదుగా వెళ్లేవాళ్లకు కేశ్‌కాల్ ఘాటీ, ఆ తర్వాత కోరాపుట్ నుంచి సాలూరు దిగే దారి తెలిసినవే. అక్కడ టీకొట్టు ముందు చదునైన జాగా వెతుక్కోవడం ఎవరి తరం? ఒరిగి ఉన్న ఫ్రిజ్‌ను గంటల తరబడి వెలిగిస్తే బాయిలర్‌లో ద్రవం తిరగడం ఆగి, అక్కడే మాడిపోయి, తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. ఆ తర్వాత బాగుచేయడం ఉండదు, మార్చడమే. ఇక గ్యాసు. ఎర్రటి 14.2 కిలోల బండ ఇంటి వంటకే గానీ బండికి కాదు. అయిదు కిలోల చిన్న సిలిండర్ సుమారు రెండు వారాలు వస్తుందని అబ్సార్ప్షన్ పక్షంవాళ్లు అంటారు. ఆ లెక్క నిజమే, కానీ చల్లని వాతావరణంలో. మన ఎండలో మంట తగ్గించే వీలుండదు. పోనీ బండి బ్యాటరీ మీద నడుపుదామంటే నూట ఇరవై వాట్లకు తక్కువ తినదు, ఇంజిన్ ఆగిన కొద్ది గంటలకే బ్యాటరీ పడుకుంటుంది. అన్నిటికీ మించి, దీన్ని బిగించడానికి బండి పక్కగోడకు కిందా పైనా గాలి కిటికీలు కోయాలి, పొగ పోవడానికి దారి వదలాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక, ఆర్టీఓ ముందు నిలబడి ఆ కంతలకు సంజాయిషీ చెప్పుకోవడం అవసరమా?

చవకగా దొరికే థర్మోఎలక్ట్రిక్ పెట్టెల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బయటి వేడికన్నా ఇరవై డిగ్రీలు తగ్గించడమే వాటి సత్తా. బయట 45 అయితే లోపల 25. ఆ వేడిలో పాలు సాయంత్రం దాకా నిలవవు.

మిగిలింది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. ఒకప్పుడు డాన్‌ఫాస్ పేరుతో, ఇప్పుడు సెకాప్ పేరుతో వచ్చే బీడీ35 లాంటి చిన్న కంప్రెసర్లు దీని గుండె. బండి ఒరిగినా ఆగదు. పైనుంచి తెరిచే పెట్టె రకం అయితే మూత తీసినప్పుడు చల్లగాలి కిందే ఉండిపోతుంది, తలుపు రకంలో పాదాల మీదికి జారిపోతుంది. నలభై, యాభై లీటర్ల పెట్టె తిరుగుతున్నప్పుడు 45 వాట్ల దాకా తీసుకుంటుందనుకుందాం. మే నెలలో రోజులో అరవై శాతం సేపు తిరిగితే 650 వాట్-గంటలు. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీలో 1800 ఉంటాయి గానీ సగానికి మించి వాడకూడదు. పైగా యాభై కిలోల బరువు, యాసిడ్, ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్. అదే 100 ఆంపియర్-అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు కిలోల చిల్లరతో వెయ్యి వాట్-గంటలు ఇస్తుంది. అంటే ఎండ లేకపోయినా ఒకటిన్నర రోజు. ధర ఎక్కువే, కానీ బండిలో బరువుకూ ధర ఉంటుంది. సోలార్ పలక గురించి అమ్మేవాళ్ల మాట సగమే నమ్మండి. 200 వాట్ల పలక మన ఎండలో 65, 70 డిగ్రీలకు కాగి ఆరో వంతు శక్తి అక్కడే పోగొట్టుకుంటుంది. దుమ్ము, చదునుగా పరుచుకోవడం కలిపితే రోజుకు 600, 700 వాట్-గంటలకు మించి ఆశపడలేం. ఫ్రిజ్‌కు అది ఖచ్చితంగా సరి, దీపానికి కూడా మిగలదు. అందుకే ఇంజిన్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి. రెండు గంటల ప్రయాణం ఫ్రిజ్‌కు ఒక రోజు తిండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్‌-6 బండ్లలో చాలావాటి ఆల్టర్నేటర్ బ్యాటరీ నిండగానే వోల్టేజీ తగ్గించేస్తుంది కనుక పాతకాలపు రిలే కనెక్షన్ పనికిరాదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి: ఇంట్లో వాడే ఫ్రిజ్ సగం ధరకు దొరుకుతుంది, ఈ పెట్టెకన్నా నాలుగింతలు పెద్దది, భిలాయి పవర్ హౌస్ బజారులో ఏ మెకానిక్కైనా బాగుచేస్తాడు కదా అని. బండి ఎక్కువ రోజులు చుట్టాల పెరట్లో ప్లగ్గుకు తగిలించి ఉండేదైతే నేనూ అదే కొనమంటాను. సినిమా షూటింగుల కారవాన్‌లలో ఇంటి ఫ్రిజ్ హాయిగా నడిచేది పక్కన జనరేటర్ ఉంటుంది కనుకనే. ప్లగ్గు లేని చోట ఇన్వర్టర్ ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండాలి. ఊరికే మేలుకుని ఉన్నందుకే అది పది నుంచి ఇరవై వాట్లు తింటుంది, అంటే రోజుకు 240 నుంచి 480 వాట్-గంటలు. దాదాపు ఇంకో ఫ్రిజ్ ఖర్చు. రెండోది: ఎందుకీ గోలంతా, ఐసుపెట్టె చాలదా అని. కిలో ఐసు కరిగితే 93 వాట్-గంటల వేడి లాగుతుంది. ఆ లెక్కన అలాంటి పెట్టెకే రోజుకు కనీసం ఏడు కిలోల ఐసు కావాలి, ఆ నీళ్లలో పెరుగు గిన్నె తేలుతుంటుంది. రెండు రోజుల షికారుకు సరే. ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లుంటే మాత్రం ఐసు మాట మరిచిపోండి. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, గడ్డకడితే పారేయాల్సిందే. కంప్రెసర్ పెట్టెలోనూ అడుగున చలి ఎక్కువ కాబట్టి పైబుట్టలో, థర్మామీటర్ పక్కన పెట్టాలి.

మంచి ఫ్రిజ్ కొని కూడా దాన్ని చంపే చోటు ఒకటుంది. అది వైరు. మన ఎలక్ట్రీషియన్లది 230 వోల్టుల చేయి. 45 వాట్ల సామానంటే ఒక చదరపు మిల్లీమీటర్ వైరు లాగి వెళ్లిపోతారు. కానీ 12 వోల్టుల దగ్గర అదే 45 వాట్లు నాలుగు ఆంపియర్లు. బ్యాటరీ నుంచి అయిదు మీటర్ల దూరం, రానూపోనూ పది మీటర్ల తీగ, దారిలోనే 0.7 వోల్టులు ఎగిరిపోతాయి. బ్యాటరీలో చాలినంత ఉన్నా ఫ్రిజ్ దగ్గర వోల్టేజీ పడి, కంప్రెసర్ మొదలవగానే రక్షణ స్విచ్చి దాన్ని ఆపేస్తుంది. కాసేపాగి మళ్లీ టిక్కుమంటుంది, మళ్లీ ఆగుతుంది. ‘ఫ్రిజ్ చెడిపోయింది’ అని షాపుకు మోసుకెళ్తారు. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దారిలో వేరే కనెక్షన్లు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వేస్తే ఈ రోగం రాదు.

ఇప్పుడు బండికి వద్దాం. 200 వాట్ల పలకకు సుమారు ఒక చదరపు మీటర్ కప్పు కావాలి. రెండు పలకలు పెట్టుకుంటే ఫ్రిజ్, ఫ్యాన్లు, దీపాలు గడుస్తాయి. కప్పు మధ్యలో ఏసీ కూర్చుంటే ఆ జాగా పోతుంది. ఏసీ లేకుండా మన ఎండలో ఎలాగంటారా? ప్లగ్గు దొరికినచోట వేసుకోండి, బ్యాటరీ మీద రాత్రంతా అంటే అయిదారు యూనిట్లు, లక్షల మాట. ఏసీ ఆగితే మనం చెట్టు కింద మంచం వేసుకుంటాం, ఫ్రిజ్ ఆగితే వారం సరుకు పోతుంది. కాబట్టి ఫోర్స్ ట్రావెలరో, టాటా వింగరో ఏదైనా సరే, కప్పు మీద రెండు పలకలు, డ్రైవర్ సీటు వెనక నేల మీద అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల పొడవు పెట్టెకు జాగా, దాని పక్కనే బ్యాటరీ పట్టే బండి చాలు. నీడలో బండి ఆపి, పలక మాత్రం తీగతో ఎండలో పెట్టుకునే ఏర్పాటు ఉంటే ఇంకా మేలు.

బండి తయారుచేసేవాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్కటి అడగండి. అలాంటి బండి ఒకటి మే నెల ఎండలో, ఇంజిన్ ఆపి, ప్లగ్గు తీసి, ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు నింపి, థర్మామీటర్ పెట్టి ఒక రోజంతా నిలబెట్టమనండి. మర్నాడు అదే వేళకు సీసాలు అయిదు డిగ్రీల్లో ఉండాలి, బ్యాటరీలో మూడో వంతైనా మిగలాలి. దీనికి ఒప్పుకోనివాళ్ల దగ్గర బండి కొనకండి.