గజం లెక్క, గడప లెక్క

ఇల్లు కొనడంలో రెండు రకాలున్నాయని రియల్ ఎస్టేట్ భాష చెబుతుంది. ఉండటానికి కొనేది ఒకటి, పెట్టుబడిగా కొనేది రెండోది. మొదటిదాన్ని ఖర్చు కింద, రెండోదాన్ని తెలివి కింద జమకడుతుంది. ఈ మాట పత్రికల ప్రాపర్టీ పేజీల్లోనే ఉంటే మాకు పేచీ లేకపోను. ఇప్పుడది మన ఇళ్ళల్లోకీ వచ్చింది. నాలుగక్షరాలు నేర్చి ఉద్యోగంలో కుదురుకున్న మన పిల్లలే పాతబస్తీలో ఉన్న అమ్మానాన్నలకు ‘‘ఈ నోటరీ ఇల్లు ఎప్పటికీ పెరగదు, అమ్మేసి ఔటర్ అవతల ప్లాటు తీసుకుందాం’’ అని చెబుతున్నారు. ఈ సలహానూ, దాని వెనకున్న ఆలోచననూ విమర్శకు పెట్టడమే మా ఉద్దేశం.

ఈ విభజన ఎవరి బతుకులోంచి పుట్టింది? ‘కొనడం లాభమా, కిరాయికుండి ఆ డబ్బు ఇంకోచోట పెట్టడం లాభమా’ అని లెక్కవేసుకోవాలంటే ముందు మనిషికి కోరుకున్నచోట కిరాయి ఇల్లు దొరకాలి. దళితులకు ఆ గడప దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న జీతమెంతని కాదు, ‘‘మీరేమిట్లు?’’ అని. ముస్లింలకు ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు, పేరు చాలు. 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్ళిన అంబేడ్కర్‌కు ఊళ్ళో ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. విదేశీ చదువూ, సర్కారు ఉద్యోగమూ ఉన్న మనిషి సంగతే ఇది. అందుకే సొంతిల్లు మనకు అన్నిటికంటే ముందు కులం అడిగే నోరు లేని గడప. ఈ విలువను ఏ ప్రాపర్టీ పేజీ గజాల్లో కొలుస్తుంది?

పాతబస్తీ అనగానే ముస్లింలే ఉంటారని చాలామంది అనుకుంటారు. లాల్‌దర్వాజ, ఉప్పుగూడ, ఛత్రినాక, జంగంమెట్ వైపు దళిత, బీసీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వీళ్ళలో చాలామందీ, పక్క గల్లీ ముస్లిం పేదలూ ఇల్లు కొన్న పద్ధతి ఒకటే. యాభై, అరవై గజాల జాగా. స్టాంపు కాగితం మీద రాత, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర. చిట్టీ ఎత్తి కొంత, పుస్తెలు కుదువబెట్టి కొంత. ముందు రేకులు, పదేళ్ళకు స్లాబు. చట్టం చూస్తే, వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర సంతకానికి సాక్ష్యమే తప్ప యాజమాన్య హక్కు ఇవ్వదు. జీపీఏ మీద జరిగే అమ్మకాల వల్ల కూడా హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్టరు కాగితం లేదు కాబట్టి బ్యాంకు అప్పివ్వదు. బ్యాంకు ఇవ్వదు కాబట్టి వడ్డీవ్యాపారి ఇస్తాడు. కరెంటు బిల్లు, నల్లా బిల్లు మాత్రం టైముకు వస్తాయి. వసూళ్ళ దగ్గర మనం ఇంటి ఓనర్లమే, హక్కు దగ్గర కాదు. ‘ఈ ఇల్లు పెరగదు’ అనే మాట ఇక్కడే పుట్టింది. లోపం ఇంట్లో లేదు, కాగితంలో ఉంది.

ఆ కాగితం ఇవ్వగలిగింది ప్రభుత్వమే. 2014 డిసెంబర్‌లో ప్రభుత్వ జాగాల్లో ఇళ్ళు కట్టుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరిస్తామని జీవో 58 తెచ్చారు. 2023 జూలైలో, అసెంబ్లీ ఎన్నికలకు కొన్ని నెలల ముందు, నోటరీ కాగితాల కోసం జీవో 84 వచ్చింది. 125 గజాల దాకా స్టాంపు డ్యూటీ లేదన్నారు. అది హైకోర్టులో సవాలుకు గురైంది. ఎన్నికల ముందు గుర్తొచ్చి, గడువుతో ముగిసే దాన్ని హక్కు అనలేం.

అదే పెట్టుబడిగా కొన్నవాళ్ళ వైపు చూడండి. అప్పటిదాకా రెండో సొంత ఇల్లు ఖాళీగా ఉన్నా సరే, దాని మీద కిరాయి వచ్చినట్టే లెక్కగట్టి ఆదాయపు పన్ను వేసేవాళ్ళు. 2019 కేంద్ర బడ్జెట్ దాన్ని ఎత్తేసింది. మనుషులు లేని ఇల్లు కూడా పన్ను లెక్కలో ‘సొంతానికి ఉంటున్న ఇల్లు’ అయింది. ముప్పై ఏళ్ళుగా పొయ్యి వెలుగుతున్న నోటరీ ఇంటి విషయంలో మాత్రం చట్టానికి ఇంత విశాల హృదయం లేదు.

కాగితం బలంగా లేకపోతే ఏమవుతుందో 2024లో మూసీ ఒడ్డున చూశాం. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బి-ఎక్స్’ అని రాశారు. నదీగర్భంలో ఉన్న ఇల్లని దాని అర్థం. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించి ఆ ఇళ్ళు కూల్చారు. నదిని బాగుచేయొద్దని మేము అనడం లేదు. 1908 సెప్టెంబర్ వరద ఏం చేసిందో ఈ నగరానికి తెలుసు. నది బాగుపడ్డాక ఒడ్డున పెరిగే గజం ధర ఎవరి జేబులోకి పోతుందని మాత్రమే అడుగుతున్నాం. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం గజానికి 81 వేల రూపాయల పరిహారం ప్రకటించి, 2025 జనవరిలో చెక్కులు పంచడం మొదలుపెట్టారు. రిజిస్టరు కాగితం ఉన్నవాళ్ళకు గజం లెక్క సాఫీగా సాగుతుంది. కిరాయిదారు బతుకునూ, కింది గదిలో కుట్టుమిషన్ మీద నడిచే సంసారాన్నీ గజాల్లో ఎలా కొలుస్తారు?

ఇక్కడ మన మిత్రులు ఒక మాట అడుగుతారు. ‘‘అగ్రకులాలు భూమి మీదనే డబ్బు చేసుకున్నాయి. మనం మాత్రం ఎల్లకాలం అరవై గజాల్లోనే ఉండాలా?’’ న్యాయమైన ప్రశ్న. ఆస్తి వద్దని దళితులకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఔటర్ అవతల మనం కొనే ఆ ప్లాటు ఎవరి జాగా? భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకం చెల్లదని 1977 చట్టం చెబుతూనే ఉంది. ఆ భూములు చేతులు మారి వెంచర్లలో కలిసిపోవడం మాత్రం ఆగలేదు. పాతబస్తీలో ఒక మాదిగ తల్లి గడప అమ్మి, శివారులో ఇంకో మాదిగ రైతు పోగొట్టుకున్న చెలక మీద ప్లాటు కొనడం విముక్తి అవుతుందా? ఆ బేరంలో ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునేది మధ్యవర్తే. పైగా ఖాళీ ప్లాటులో ఎవరూ పడుకోలేరు. అది పెరిగేదాకా మళ్ళీ కిరాయి ఇల్లు, మళ్ళీ ఆ పాత ప్రశ్న.

అంబేడ్కర్ దగ్గర దీనికి ఒక ఆనవాలు దొరుకుతుంది. 1930లలో ఆయన బొంబాయి దాదర్ ప్రాంతంలో రెండు భవనాలు కట్టించారు. ఒకటి రాజగృహ, రెండోదాని పేరు చార్‌మినార్. 1941లో అప్పులు తీర్చడానికీ, పుస్తకాలకూ చార్‌మినార్‌ను అమ్మేశారు. తానుంటున్న, తన పుస్తకాలున్న రాజగృహను మాత్రం ఉంచుకున్నారు. ఆస్తిని అమ్మొచ్చు, కానీ ఉంటున్న గడపను ఆఖరుదాకా కాపాడుకోవాలని మేము దీన్ని చదువుకుంటున్నాం. మన నగరంలోనే చాదర్‌ఘాట్‌లో భాగ్యరెడ్డి వర్మ నిలబెట్టిన ఆది హిందూ భవన్ మూడో రకం ఆస్తిని చూపించింది. అది జాతి కూడుకోవడానికి పనికొచ్చిన జాగా.

కాబట్టి అమ్మమని అమ్మానాన్నలకు చెప్పేముందు చేయాల్సిన పని వేరే ఉంది. ఏ గల్లీలో ఎన్ని నోటరీ ఇళ్ళున్నాయో, ఎవరి దగ్గర ఏ కాగితం, ఎన్నేళ్ళ బిల్లులు ఉన్నాయో విద్యార్థులు బస్తీల్లో కూర్చుని రాయాలి. ఉంటున్న ఇంటికి గడువుల్లేని హక్కుపత్రం, అదీ ఆడవాళ్ళ పేరుమీద కావాలని దళిత, ముస్లిం సంఘాలు కలిసి అడగాలి. ఆ కాగితం చేతికొచ్చాక ఉండటమా, అమ్మడమా అన్నది ఆ ఇంటివాళ్ళే తేల్చుకుంటారు. అది లేకుండా అమ్మితే ధర చెప్పేది కొనేవాడే.