అంతకు మించి లేదు

1876 నాటి టెక్సస్ రాజ్యాంగం, 4వ అధికరణం, 5వ సెక్షన్. గవర్నరు జీతం ఏడాదికి 4,000 డాలర్లు, అంతకు మించి లేదు. ఉండడానికి గవర్నర్ భవనం, గోడలకు బిగించిన వస్తువులు, ఫర్నిచర్. చదువుతుంటే రైతు ఉగాదినాడు పాలేరుతో ఏడాది జీతం మాట్లాడుకున్నట్టుంటుంది.

పనితనమంతా ఆ వరసలోనే ఉంది. ముందు అంకె, వెంటనే గొళ్లెం, ఆ తర్వాతే సౌకర్యం. అంకె ఒక్కటే రాసి వదిలేస్తే భత్యాల పేరుతో పెరటిగుమ్మం తెరుచుకునేది. 'అంతకు మించి లేదు' అన్న మాట దాన్ని మూసేసింది. ఇల్లు ఇచ్చారు గానీ కుర్చీలు, బల్లలతో సహా లెక్కగట్టి ఇచ్చారు.

ఈ పొదుపు రాసినవాళ్ల స్వభావమే. అంతర్యుద్ధం తర్వాత గవర్నర్ ఎడ్మండ్ డేవిస్ ప్రభుత్వం వేసిన పన్నులతో, పెట్టిన ఖర్చుతో విసిగి 1875లో ఆస్టిన్‌లో కూర్చున్నవాళ్లు వాళ్లు. చాలామంది గ్రేంజ్ అనే రైతుల సంఘం సభ్యులు. పాత రాజ్యాంగంలోని 5,000ను 4,000కు కోశారు. ఖర్చు దండగని తమ చర్చలు రాసుకోవడానికి స్టెనోగ్రాఫర్‌ను కూడా పెట్టుకోలేదు.

అంకె రాజ్యాంగంలో ఉంది కాబట్టి జీతం పెంచాలంటే ఉభయసభల్లో మూడింట రెండొంతుల మద్దతు సరిపోదు, ప్రజల ఓటు కూడా కావాలి. ఓటర్లేమో అంత తేలిగ్గా లొంగే రకం కాదు. చివరికి 1936 నవంబర్ 3న, రూజ్‌వెల్ట్ రెండోసారి గెలిచిన రోజునే, ఆర్థిక మాంద్యం ఇంకా వదలని కాలంలో, సరేనన్నారు. 4,000 కాస్తా 12,000 అయింది. అరవై ఏళ్లకు ఒక్క పెంపు! సవరణ రాసినవాళ్లదీ మంచి చెయ్యే. పాత ఇంటికి ఒక్క దూలం మార్చిన వడ్రంగిలా అంకె మార్చి, భవనాన్నీ ఫర్నిచర్‌నూ ఉన్నచోటే ఉంచారు.

1954లో మరో ఓటుతో గవర్నరు జీతం నిర్ణయించే పని శాసనసభకు వెళ్లింది. అంకెతోపాటు ఆ గొళ్లెమూ పోయింది. పాలనకు అదే సుఖం కావచ్చు గానీ, వాక్యం మాత్రం చప్పబడింది.

శాసనసభ్యులు తమ జీతం విషయంలో ఆ సుఖానికి నోచుకోలేదు. 1975లో ఓటర్లు ఒప్పుకున్న నెలకు 600 డాలర్లే నేటికీ వారి జీతం.