జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ ప్లగిన్: అరువు రక్షణ - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెబ్‌సైట్లలో ఫైళ్లను స్వీకరించేందుకు విస్తృతంగా వాడుకలో ఉన్న జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ ప్లగిన్‌లో 2018లో ఒక తీవ్రమైన భద్రతా లోపం వెల్లడైంది. ఒక ఉపకరణం తన రక్షణ భారాన్ని వేరొక వ్యవస్థపై మోపినప్పుడు ఎదురయ్యే ప్రమాదాన్ని ఈ ఉదంతం ఆధారంగా విశ్లేషించడం, ప్లగిన్ల ప్రమాద అంచనాలో ఈ అంశానికి ఉండవలసిన స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

ముఖ్యపదాలు: ఫైల్ అప్‌లోడ్, ప్లగిన్, సర్వర్, భద్రతా లోపం, ప్రమాద అంచనా.

1. ప్రవేశిక:
ఉద్యోగ దరఖాస్తుకు ఛాయాచిత్రం, కళాశాల ప్రవేశానికి ధ్రువపత్రం, పత్రికకు రచన - ఇలా వెబ్‌సైట్ బయటివారి నుండి ఫైళ్లు స్వీకరించే సందర్భాలు అనేకం. ఇందుకు అవసరమైన కోడ్‌ను నిర్వాహకులు స్వయంగా రాసుకోవడం అరుదు. సిద్ధంగా దొరికే ప్లగిన్‌నే అమర్చుకుంటారు. ఈ భాగం అపరిచితులు పంపినదాన్ని సర్వర్‌లో నిలువ చేస్తుంది. వచ్చినది పీహెచ్‌పీ ప్రోగ్రామ్ అయి, సర్వర్ దాన్ని నడిపితే, సైటుపై పెత్తనం పంపినవారి చేతికి పోతుంది. కాబట్టి ‘ఏ ఫైలును అనుమతించాలి? అనుమతించిన ఫైలు నడవకుండా ఎవరు ఆపాలి?’ అనే రెండు ప్రశ్నలు ఈ ప్లగిన్ల మూల్యాంకనానికి ప్రాతిపదికలు.

2. ప్లగిన్ రక్షణ పద్ధతి:
సెబాస్టియన్ చాన్ ‘బ్లూయింప్’ పేరుతో రూపొందించిన ఈ ప్లగిన్‌లో బ్రౌజర్‌లో పనిచేసే భాగంతోపాటు సర్వర్ కోసం పీహెచ్‌పీ కోడ్ కూడా ఉండేది. 2018 వరకు ఆ కోడ్ సహజస్థితిలో అన్ని రకాల ఫైళ్లనూ అనుమతించేది. అంటే మొదటి ప్రశ్నకు ప్లగిన్ ఇచ్చిన సమాధానం ‘అన్నింటినీ’ అని. రెండో ప్రశ్నకు సమాధానంగా, ఫైళ్లు చేరే ఫోల్డర్‌లో ‘.హెచ్‌టీయాక్సెస్’ అనే చిన్న ఆదేశ ఫైలును ఉంచారు. ఇక్కడి ఫైళ్లను నడపకుండా యథాతథంగా అందించమని అపాచీ సర్వర్‌కు అది సూచించేది. ఆ ఆదేశాన్ని సర్వర్ చదివినంతకాలం ఈ ఏర్పాటు సమర్థమైనదే.

3. మారిన సర్వర్ నియమం:
2010లో వచ్చిన అపాచీ 2.3.9 సంచిక నుండి, నిర్వాహకుడు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఇటువంటి ఆదేశ ఫైళ్లను సర్వర్ పట్టించుకోదు. ఈ మార్పుకు తగిన కారణాలున్నాయి. ప్రతి అభ్యర్థనకూ ఫోల్డర్లన్నింటిలో ఆ ఫైలును వెతకడం వల్ల వేగం తగ్గుతుంది; పైగా నిర్వాహకుడు విధించిన నియమాలను ఫోల్డర్‌లోని ఒక ఫైలు తోసిపుచ్చగలుగుతుంది. అపాచీ తన భద్రతను పెంచుకున్న మార్పే ఈ ప్లగిన్‌కు రక్షణ లేకుండా చేయడం గమనార్హం. ఆదేశం అమలు కాలేదన్న హెచ్చరిక ఎక్కడా కనిపించదు. ఫైళ్లు ఎప్పటిలాగే చేరుతుంటాయి. ఇక ఎన్‌జిన్ఎక్స్ వంటి సర్వర్లకు ఆ ఆదేశ ఫైలుతో మొదటినుండీ సంబంధం లేదు.

4. లోపం వెల్లడి - వ్యాప్తి:
అకమై సంస్థకు చెందిన పరిశోధకుడు లారీ క్యాష్‌డాలర్ 2018 అక్టోబరులో ఈ లోపాన్ని వెల్లడించారు. సీవీఈ-2018-9206గా నమోదైన ఈ లోపం 9.22.0 వరకు ఉన్న సంచికలకు వర్తిస్తుంది. 9.22.1 సంచికలో సహజస్థితిలో బొమ్మల ఫైళ్లను మాత్రమే అనుమతించేలా కోడ్‌ను సవరించారు. అయితే గిట్‌హబ్‌లో అప్పటికే ఈ ప్లగిన్‌కు 7,800కు పైగా శాఖాప్రతులు ఉన్నాయి. క్యాష్‌డాలర్ పరీక్షించిన 1000 ప్రతులలో 36 మాత్రమే లోపానికి అతీతంగా తేలాయి. మూలంలో చేసిన సవరణ ఈ ప్రతులకు తనంతట తాను చేరదు.

5. విమర్శ:
సర్వర్‌ను సరిగా అమర్చుకోవడం నిర్వాహకుని బాధ్యత కాబట్టి ప్లగిన్‌ను తప్పుపట్టరాదని వాదించవచ్చు. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. కానీ అన్ని ఫైళ్లనూ అనుమతించాలన్న నిర్ణయం ప్లగిన్‌దే. ఆ నిర్ణయానికి కాపలాగా నిలిచిన ఏకైక ఏర్పాటు మాత్రం ప్లగిన్ అధీనంలో లేదు. ప్రధాన దోషం ఈ పొందికలోనే ఉంది.

సవరణకూ పరిమితి ఉంది. ఫైలు పేరు చివరి భాగాన్ని మాత్రమే పరిశీలించే పద్ధతి ‘.పీహెచ్‌పీ.జేపీజీ’ వంటి జంట పొడిగింపులను అనుమతిస్తుంది. పేరులో ఎక్కడ ‘.పీహెచ్‌పీ’ ఉన్నా ప్రోగ్రామ్‌గా నడిపేలా అమర్చిన అపాచీ సర్వర్లలో అది మళ్లీ ప్రమాదకరమే. ఫైళ్లను వెబ్ చిరునామాకు అందని చోట నిలువ చేయడం, సర్వర్ స్వయంగా కొత్త పేరు పెట్టడం ఇంతకంటే దృఢమైన మార్గాలు.

ఈ లోపానికి అమెరికా జాతీయ లోపాల పట్టిక 10కి 9.8 తీవ్రతాంకం ఇచ్చింది. లోపం ఎంత తీవ్రమో ఆ అంకె చెబుతుంది. ప్లగిన్ ఏ షరతుపై ఆధారపడి ఉంది, ఆ షరతు ఒక నిర్దిష్ట సర్వర్‌లో నెరవేరుతున్నదా అన్నది నిర్వాహకుడే తెలుసుకోవాలి.

6. ముగింపు:
ప్లగిన్ వాడుకలో ఉన్న కాలం, దాని ప్రజాదరణ భద్రతకు నిదర్శనాలు కావని ఈ ఉదంతం నిరూపిస్తున్నది. ఒక పంక్తిని మాత్రమే చూపే నిరపాయకరమైన పీహెచ్‌పీ ఫైలును నిర్వాహకుడు తన సొంత సైటుకే పంపి, దాని చిరునామాను తెరిచి చూస్తే రక్షణ అమలులో ఉన్నదో లేదో తేలుతుంది. సర్వర్ సంచిక మారినప్పుడల్లా, సైటును వేరొక సర్వర్‌కు తరలించినప్పుడల్లా ఈ పరీక్షను తిరిగి చేయడం ప్రమాద అంచనాలో తప్పనిసరి అంగం కావాలి.