పరధ్యానమూ పాఠంలో భాగమే

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ఒక కొత్త రకం తరగతి మొదలైంది. ఎన్ని మందులు వాడినా వదలని నడుము నొప్పి, తలనొప్పి, ఆందోళన వంటి వాటితో ఏళ్ల తరబడి తిరుగుతున్న రోగులను డాక్టర్లు అక్కడికి పంపేవారు. పాఠం చెప్పేది డాక్టరు కాదు, ఎంఐటీలో మాలిక్యులర్ బయాలజీ చదివిన జాన్ కబట్-జిన్. నొప్పి పోగొడతానని ఆయన ఎవరికీ మాట ఇవ్వలేదు. నొప్పితోనూ దాని చుట్టూ అల్లుకున్న భయంతోనూ ఎలా నెగ్గుకురావాలో నేర్పడమే ఆయన పని. ఇవాళ మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో వినిపిస్తున్న శిక్షణలు చాలావరకు ఆ తరగతి నుంచి వచ్చినవే.

అందులోని సరుకు మాత్రం పాతదే. ఊపిరిని, ఒంట్లో కలిగే అనుభూతులను ఉన్నవి ఉన్నట్టు గమనించడం పాళీ బౌద్ధ గ్రంథం సతిపట్ఠాన సుత్తంలో ఉంది. బర్మాలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూనే ఊ బా ఖిన్ ఈ సాధన నేర్పేవారు. మాండలేలో పుట్టిన భారతీయ వ్యాపారి సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన తలనొప్పితో 1955లో ఆయన దగ్గరికి వెళ్లి, శిష్యుడై, 1969లో విపశ్యన అనే ఈ సాధనను మన దేశానికి తెచ్చారు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్త కేంద్రం ఆ పరంపరలోదే. పిరమిడ్ ధ్యాన కేంద్రాలకు వెళ్లే తెలుగువాళ్లకు ఊపిరిని గమనించే ఆనాపానసతి పేరు కొత్త కాదు. అయితే విపశ్యన శిబిరమంటే పది రోజుల మౌనం. కబట్-జిన్ ఇలాంటి సాధనను ఇల్లూ ఉద్యోగమూ వదిలి వెళ్లలేని వాళ్లకు అందేలా మార్చారు. వారానికి ఒక తరగతి చొప్పున ఎనిమిది వారాలు, ఇంటి దగ్గర రోజుకు 45 నిమిషాల సాధన, మధ్యలో ఒక రోజంతా మౌనం. మతం ప్రసక్తి ఉండదు.

మొదటి తరగతిలో చేతిలో ఒక ఎండుద్రాక్ష పెడతారు. గబుక్కున నోట్లో వేసుకోకూడదు. ఇలాంటిది ఎన్నడూ చూడనట్టు చూడాలి: ముడతలు, వాటి మధ్య మెరుపు, తొడిమ ఊడిన చోట చిన్న గుంట. వేళ్ల మధ్య నొక్కి చూడాలి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి, వాసన చూడాలి. అప్పటికే నోట్లో నీళ్లూరుతుంటాయి, అదీ గమనించాలి. నాలుక మీద పెట్టుకుని కాసేపు ఆగి, ఆ తర్వాతే కొరకాలి. టీవీ చూస్తూ పళ్లెం ఖాళీ చేసే మనకు, తినడం కూడా తెలియకుండానే జరిగిపోతోందని అప్పుడు తెలిసొస్తుంది. కోపమూ దిగులూ కూడా ఇలాగే మనకు తెలియకుండా నడిచిపోతున్నాయన్నదే ఈ పాఠం సారం.

తర్వాతది బాడీ స్కాన్. వెల్లకిలా పడుకుని, ఎడమకాలి వేళ్ల నుంచి నడినెత్తి దాకా ధ్యాసను నెమ్మదిగా నడిపించాలి. వేడి, తిమ్మిరి, దురద, బిగువు, ఏది తగిలితే అది చూసి ముందుకు సాగాలి. దేన్నీ మార్చబోకూడదు. పొద్దున్నుంచీ దవడ బిగించుకునే ఉన్నామని చాలామందికి తెలిసేది ఇక్కడే. కొందరికి గురక కూడా వస్తుంది.

మూడోది శ్వాస. నిటారుగా కూర్చుని, ముక్కు దగ్గరో పొట్ట దగ్గరో ఊపిరి వచ్చిపోవడాన్ని చూస్తుండాలి. ప్రాణాయామంలోలా బిగబట్టడం ఉండదు. పది శ్వాసలు కాకముందే మనసు గ్యాస్ బుకింగ్ మీదికో నిన్నటి గొడవ మీదికో పోతుంది. “నాకు ధ్యానం కుదరదండీ” అని జనం లేచిపోయేది ఇక్కడే, మంచి గురువు పట్టి ఆపేదీ ఇక్కడే. మనసు పోవడం తప్పు కాదు. పోయిందని తెలియడం, తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి రావడం, ఈ రెండే సాధన. వందసార్లు పోతే వందసార్లు రావాలి. దండీలు తీసేవాడికి ఒక్కో దండీకీ కండ గట్టిపడినట్టు, వెనక్కి వచ్చిన ప్రతిసారీ మనసుకు ఆ అలవాటు బలపడుతుంది.

దీని ఉపయోగం చాప మీద కాదు, బతుకులో తెలుస్తుంది. రాత్రి పదింటికి బాస్ నుంచి ‘రేపు పొద్దున్నే మాట్లాడాలి’ అని వాట్సాప్ వస్తుంది. గుండె దడదడలాడుతుంది, కడుపులో దేవినట్టవుతుంది. ఆ వెనకే ఉద్యోగం, ఈఎంఐ, పిల్లల ఫీజులు వరస కడతాయి. సాధన ఉన్నవాళ్లకూ దడ తప్పదు. కాకపోతే దడ ఇప్పుడు నిజంగా జరుగుతోందని, ఉద్యోగం పోవడం ఊహ మాత్రమేనని వాళ్లకు విడివిడిగా కనిపిస్తుంది. పదేపదే కుంగుబాటుకు లోనయ్యేవారి కోసం సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు తయారుచేసిన పద్ధతిలో ఇలాంటి వేళలకు మూడు నిమిషాల సాధన ఉంది. మొదట లోపల ఏం జరుగుతోందో చూసుకోవాలి, తర్వాత ఊపిరి మీద నిలవాలి, చివరికి ఒళ్లంతటినీ ధ్యాసలోకి తెచ్చుకోవాలి. జవాబు టైపు చేయడం ఆ తర్వాతే.

పరిశోధనలు ఏమంటున్నాయి? ఆందోళన రుగ్మత ఉన్న 276 మందితో అమెరికాలో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. కబట్-జిన్ రూపొందించిన ఎనిమిది వారాల శిక్షణ, ఆందోళనకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ మాత్రకు తీసిపోలేదని తేలింది. అదే ఏడాది బ్రిటన్ బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల మీద చేసిన అధ్యయనంలో మాత్రం మామూలు పాఠాలకు మించిన ఫలితం కనిపించలేదు. ఆ పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర సాధన చేయనేలేదు. వినడం వేరు, చేయడం వేరు. డాక్టరు రాసిన మందులు ఎవరూ సొంతంగా మానకూడదు. మనసులో పాత గాయాలు బలంగా ఉన్నవాళ్లకు కళ్లు మూసుకు కూర్చుంటే అవే పైకి రావచ్చు. వాళ్లు ఈ విషయం బాగా తెలిసినవారి పర్యవేక్షణలోనే చేయాలి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పన్నెండు గంటలు పనిచేయించి, సాయంత్రం అరగంట ధ్యానం క్లాసు పెట్టే సంస్థలు ఒత్తిడి బరువంతా ఉద్యోగి నెత్తినే వేస్తున్నాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం నేర్చినవాళ్లకు తమ ఆలోచనల్లోని అతి ఎంత తెలుస్తుందో, పనిలోని అన్యాయమూ అంతే తెలియాలి. ఊపిరి చూసుకున్నాక, గొంతు పెంచకుండా, “ఈ పని ఒక్కరివల్ల కాదు, ఇంకో మనిషిని ఇవ్వండి” అని అడగగలిగితే ఆ సాధన ఫలించినట్టే.