ముందే అతికిన ఒత్తు

వేములవాడలో ఏ డీటీపీ సెంటర్ తలుపు తీసినా ఎక్కువగా టైపయ్యే మాట ‘రాజరాజేశ్వర’. లగ్గపత్రికల మీద, శివరాత్రి జాతర ఫ్లెక్సీల మీద అదే. ఆ మాటలో ‘శ్వ’ దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. పాతకాలపు డీటీపీ ఫాంటులో శ ఒక బొమ్మ, కింద తగిలే వ ఒత్తు ఇంకో బొమ్మ. ఆపరేటర్ మీటలు నొక్కగానే అక్షరం రూపం ఖాయమైపోతుంది. ఫైలులో ఉండేది ఆ బొమ్మల గళ్ల నంబర్లే.

యూనికోడ్‌లో పద్ధతి వేరు. ‘రాజరాజేశ్వర’కు ఫైలులో ఉండేవి 11 సంకేతాలు, కంటికి కనిపించేవి 6 అక్షరాలు. శ, పొల్లు, వ వరుసగా ఉంటే చాలు. తెర మీదికి వచ్చే క్షణంలో హార్ఫ్‌బజ్ లాంటి ఇంజన్ ఫాంటులోని నియమాలు చదివి, వను ఒత్తుగా మార్చి శ కింద కూర్చోబెడుతుంది.

ప్రోగ్రాముల లోకంలోనూ ఈ రెండు దారులే. రాసిన కోడ్‌ను నడపడానికి ముందే యంత్రభాషలోకి మార్చిపెట్టడం ముందస్తు కంపైలేషన్. నడుస్తుండగా మార్చుకుంటూ పోవడం రెండోది. 2014లో ఆండ్రాయిడ్ 5 వచ్చాక ఫోన్ అప్‌డేట్ చేస్తే ‘యాప్‌లను ఆప్టిమైజ్ చేస్తోంది’ అంటూ చాలాసేపు కూర్చోబెట్టేది గుర్తుందా? అప్పుడు జరిగింది ముందస్తు కంపైలేషనే. యాప్ చురుగ్గా తెరుచుకునేది, కానీ నిరీక్షణ తప్పేది కాదు, ఫోన్‌లో జాగా ఎక్కువ తినేది. అందుకే 2016లో ఆండ్రాయిడ్ 7 రెండు పద్ధతులనూ కలిపింది: తరచుగా వాడే భాగాన్నే ముందుగా మార్చిపెట్టడం మొదలైంది.

ఒత్తును ముందే అతికించిన పాత ఫాంట్లను నేను తప్పుపట్టను. ఆనాటి ఫాంటులో గళ్లు 256కి మించవు, తెలుగు గుణింతాలను అప్పటికప్పుడు కూర్చే తెలివి ఆనాటి పేజ్‌మేకర్‌కు లేదు. అను లాంటి కొనుక్కునే ఫాంట్లు లేకపోతే మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు కంప్యూటర్ మీదికి అంత తొందరగా వచ్చేవి కావు. డబ్బు పెట్టి కొన్నదాంట్లో శీర్షికలకు తగిన నిండైన అక్షరాలుండేవి. ఆ పనితనానికి వెల కట్టడం న్యాయమే.

నా అభ్యంతరం వేరు. ఏ గడిలో ఏ ముక్క ఉందన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ‘రాజరాజేశ్వర’ ఇంగ్లీషు అక్షరాల చిందరవందరగా కనిపిస్తుంది. అంటే రాసినవాడి మాట ఫాంటు అమ్మినవాడి దగ్గర తాకట్టులో ఉన్నట్టే. వేములవాడకు దగ్గర్లోనే, కురిక్యాల బొమ్మలగుట్ట మీద 945 ప్రాంతంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన తెలుగు కంద పద్యాలున్నాయి. రాయి మీద అక్షరం ఎంత ఖాయమో చెప్పనక్కర్లేదు, మార్చడానికి వీల్లేదు. అయినా లిపి నేర్చినవారెవరైనా చదవొచ్చు. ఆ లిపి ఏ ఒక్కరి సొత్తూ కాదు.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉచితంగా పంచిన పోతన, వేమన ఫాంట్లకు నేను విలువ ఇచ్చేది అందుకే. తర్వాత సిలికానాంధ్ర చొరవతో రామభద్ర, మల్లన్న, తిమ్మన వంటివి బహిరంగ లైసెన్సుతో వచ్చాయి. ఎవరైనా విప్పి చూడొచ్చు, ఒత్తు సరిగా కూర్చోకపోతే సరిదిద్దవచ్చు. దీనికీ ఒక కష్టముంది: అచ్చుకు పంపే హడావిడిలో ఫాంటు మొండికేస్తే, ఫోన్ చేసి అడగడానికి అవతల జీతం తీసుకునే మనిషి ఉండడు.

అలాగని ముందే ఖాయం చేయడం మానక్కర్లేదు, చివర్లో చేస్తే చాలు. మాట యూనికోడ్‌లో ఉండాలి. ప్రెస్సుకు పోయే పీడీఎఫ్‌లో ఫాంటును పొదిగి ఇవ్వాలి. కొనుక్కున్న అందమైన ఫాంటైనా పరవాలేదు, మూలం మన దగ్గరుంటుంది.

పాత హార్డ్ డిస్కుల్లో స్థలపురాణాలు, ఊరి చరిత్రలు, కవుల సంపుటాలు ఇంకా పాత గళ్లలోనే ఉన్నాయి. మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒత్తుల్ని ఒక్కొక్కటిగా కంటితో చూడాలి, ముఖ్యంగా రెండేసి ఒత్తులున్న చోట. ఆ డిస్కులు తిరగడం ఆగిపోకముందే ఈ పనికి కూర్చోవాలి.