ముందు వేడి, తర్వాతే ఫ్యాన్

మార్చి దాటిందంటే మా ఇంటికి గేమింగ్ లాప్‌టాప్‌లు రావడం మొదలవుతుంది. మేనల్లుళ్లు, పక్క ఫ్లాట్ పిల్లలు, వాళ్ల హాస్టల్ స్నేహితులు తెచ్చి బల్ల మీద పెడతారు. అందరి గోడూ ఇంచుమించు ఒకటే. "మావయ్యా, ఫ్యాన్ రయ్యిమని మోగుతూనే ఉంది, అయినా కీబోర్డు మీద చెయ్యి ఆనించలేకపోతున్నా. ఆట మధ్యలో ఫ్రేములు పడిపోతున్నాయి" అంటారు. ఆ వెంటనే, "ఫ్యాన్ స్పీడు ఇంకా పెంచే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే వేసిపెట్టు" అంటారు.

ఉంది. కానీ దాని జోలికి నేను అన్నిటికంటే చివర్లో వెళ్తాను. ఫ్యాన్ వేడిని పోగొట్టదు, ఉన్నచోటి నుంచి ఇంకోచోటికి తోస్తుంది, అంతే. లాప్‌టాప్ గోడ సాకెట్ నుంచి తాగిన కరెంటంతా, అది లెక్కలు చేసినా బొమ్మలు గీసినా, చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. నలుగురుండే హాస్టల్ గదిలో అందరూ రాత్రి ఆట మొదలుపెట్టారనుకోండి. ఒక్కొక్కటి 150 వాట్లు తాగినా, మే నెలలో ఆ గదిలో 600 వాట్ల హీటరు వెలుగుతున్నట్టే లెక్క. అప్పుడు ఒకడి లాప్‌టాప్ పీల్చేది పక్కవాడి లాప్‌టాప్ వదిలిన గాలినే. అందుకే నేను ముందు అడిగేది, అసలు ఇంత వేడి పుట్టాల్సిన పని ఉందా అని.

ఇంటెల్ ఐ7-12700హెచ్ ప్రాసెసర్‌ను తీసుకోండి. దాని మామూలు ఖర్చు 45 వాట్లని ఇంటెల్ చెబుతుంది. టర్బోలోకి దూకితే అదే చిప్పు 115 వాట్ల దాకా లాగుతుంది. పక్కనుండే ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్పుకి లాప్‌టాప్ తయారీదారులు 35 నుంచి 115 వాట్ల దాకా కేటాయిస్తారు. అంగుళం మందమున్న డబ్బాలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. చాలా మోడళ్లలో వాటి వేడిని మోసుకెళ్లే రాగి గొట్టాలు కూడా ఉమ్మడివే. ప్రాసెసర్ అవసరం లేకపోయినా మండుతుంటే ఆ వేడి గ్రాఫిక్స్ చిప్పు నెత్తిన కూడా పడుతుంది. ఎక్కువ ఆటల్లో బరువు మోసేదేమో గ్రాఫిక్స్ చిప్పు. అందుకని ముందు ప్రాసెసర్ టర్బోను అదుపులో పెడతాను. కంపెనీ యాప్‌లో వాట్ల పరిమితి పెట్టుకునే వీలుంటే అది మేలైన దారి. లేకపోతే విండోస్ పవర్ ఆప్షన్లలో ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ దగ్గర 100 తీసి 99 పెడితే సాధారణంగా టర్బో ఆగిపోతుంది. ఒక్క అంకె మార్చితే ఇంత చల్లబడుతుందా అని పిల్లలు నమ్మలేకపోతారు. వాలరెంట్ లాంటి ఆటల్లో సెకనుకు 200 ఫ్రేములు కావాలనుకునేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. అక్కడ ప్రాసెసరే కీలకం, వాళ్లకు వాట్ల పరిమితే సరైన దారి.

ఫ్రేములకు హద్దు పెట్టడం ఇంకా తేలిక, అయినా చాలామంది పట్టించుకోరు. హద్దు లేకపోతే గ్రాఫిక్స్ చిప్పు చేతనైనన్ని ఫ్రేములు గీస్తూనే ఉంటుంది, తెర వాటిని చూపించగలదా లేదా అన్నది దానికి పట్టదు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చిన కొత్తలో జరిగింది ఇదే. ఆట ఆడుతున్నప్పటికంటే మెనూ తెర దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు కొందరి గ్రాఫిక్స్ కార్డులు ఎక్కువ వేడెక్కాయి. గీయాల్సింది తక్కువ కావడంతో కార్డు హద్దూ అదుపూ లేకుండా గీసేసింది. సెట్టింగుల ఫైల్లో రెండు వరుసలు చేర్చి ఫ్రేములను ఆటలో 60కి, మెనూల్లో 30కి కట్టెయ్యమని బ్లిజార్డ్ సంస్థే చెప్పాల్సి వచ్చింది. కథ నడిచే ఆటలకు 60 చాలు. తెర 144 హెర్ట్జ్‌ది అయినంత మాత్రాన ప్రతి ఆటా అంత వేగంగా పరిగెత్తనక్కర్లేదు.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది వోల్టేజీ తగ్గించడం. చిప్పు తినే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతోనైతే వర్గం లెక్కన పెరుగుతుంది. అదే వేగం దగ్గర వోల్టేజీని 10 శాతం తగ్గించగలిగితే ఆ ఖర్చు సుమారు 19 శాతం పడిపోతుంది. ఫ్యాక్టరీలో వోల్టేజీని నిర్ణయించేటప్పుడు కాస్త నాసిరకం చిప్పు కూడా తడబడకుండా ఉండేలా కొంత ఎక్కువే ఇస్తారు. మన చేతికొచ్చిన చిప్పు మెరుగైనదైతే ఆ అదనం వెనక్కి తీసుకోవచ్చు. ఎన్విడియా చిప్పులకి ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీకీ వేగానికీ సంబంధం చూపే గీత తెరుచుకుంటుంది. కొంచెం దించాలి, బరువైన ఆటతో గంటసేపు పరీక్షించాలి, నిలబడితే ఇంకొంచెం దించాలి. ఎక్కడో ఒకచోట ఆట మూతపడుతుంది. అక్కడి నుంచి రెండడుగులు వెనక్కొచ్చి ఆగాలి. తొందరపడేవాళ్లకు ఈ పని అప్పజెప్పను.

ఇంటెల్ ప్రాసెసర్ల దగ్గర ఈ దారి చాలావరకు మూసుకుపోయింది. 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాజ్, లువెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ‘ప్లండర్‌వోల్ట్’ అనే దాడిని బయటపెట్టారు. సాఫ్ట్‌వేర్‌తో వోల్టేజీ దించి, ఎస్‌జీఎక్స్ అనే భద్రమైన అరలో జరిగే లెక్కల్లో తప్పులు పుట్టించి, అందులోని రహస్యాలు రాబట్టవచ్చని చూపించారు. ఇంటెల్ దిద్దుబాటు ఇచ్చింది, లాప్‌టాప్ కంపెనీలు బయోస్‌లోనే వోల్టేజీకి తాళం వేశాయి. అప్పటికి అది న్యాయమే. ఆ తర్వాతి తరాల మామూలు ప్రాసెసర్ల నుంచి ఎస్‌జీఎక్స్‌నే ఇంటెల్ తీసేసింది, అయినా చాలా మోడళ్లలో తాళం అలాగే ఉండిపోయింది. ఎండలు ఇంత తీవ్రంగా ఉండే దేశంలో కొన్నవాళ్లకు ఇది నిజమైన నష్టం.

పుట్టిన వేడికి బయటికి దారి కావాలి. ఆ రాగి గొట్టాలను చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. హీట్ పైపులను 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష అవసరాల కోసం రూపొందించారు. గొట్టం లోపల గాలి తీసేసి కొద్దిపాటి నీరు ఉంచుతారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీరు మామూలు నీళ్ల కంటే చాలా తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఆవిరి చల్లటి కొసకు పోయి అక్కడి రేకులకు వేడి అప్పజెప్పి నీరుగా మారుతుంది. లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పొర దాన్ని తిరిగి చిప్పు దగ్గరికి పీల్చుకొస్తుంది. మోటారు లేదు, శబ్దం లేదు. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టేది రెండే, ఎండిపోయిన పేస్టూ పేరుకుపోయిన దుమ్మూ.

దుమ్ము బయటికి కనిపించదు, ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య సందులో కూరుకుపోతుంది. మంచం మీద దుప్పటి పైన పెట్టి ఆడినవాళ్ల లాప్‌టాప్ విప్పితే అక్కడ నూగు మందపాటి కంబళి ముక్కలా ఊడి వస్తుంది. బయటి నుంచి బ్లోవర్‌తో ఊదితే అది తిరిగి ఫ్యాన్ మీదే పడుతుంది. అడుగు మూత తియ్యాలి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యాలి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. లేదంటే అది తన హద్దు దాటి తిరిగి బేరింగ్ పాడవుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రిపేరు కుర్రాళ్లు పని చేస్తుంటే నిలబడి చూడండి. మాట్లాడుతూనే ఆ వేలు ఫ్యాన్ మీదికి దానంతటదే వెళ్తుంది. ఆ అలవాటంటే నాకు గౌరవం.

పేస్టు సంగతి ఇంకాస్త సున్నితం. చిప్పుకీ రాగికీ మధ్య కంటికి కనిపించని సందుల్లో గాలి ఉంటే వేడి కదలదు, వాటిని నింపడమే పేస్టు పని. వేడెక్కి చల్లబడుతూ ఉన్నకొద్దీ మామూలు పేస్టు అంచులకు జారిపోయి మధ్యలో పలచబడుతుంది. దానికి బదులు హనీవెల్ వాళ్ల పీటీఎం7950 షీటు నాకు నచ్చుతుంది. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది, అంత తేలిగ్గా జారిపోదు. ఫ్యాక్టరీలోనే లిక్విడ్ మెటల్ పూసిన మోడలైతే దయచేసి హీట్‌సింక్ విప్పకండి. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద చుక్క పడితే షార్ట్ అవుతుంది. అది చేయి తిరిగినవాళ్ల పని.

ఇవన్నీ అయ్యాక తెర మీద 90 డిగ్రీలు కనిపిస్తే కంగారు పడొద్దని చెబుతాను. ఇంటెల్ లాప్‌టాప్ చిప్పులు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరితే అవి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్ల మీద నుంచి హీట్‌సింకులు పీకేసి చూపించారు. పెంటియం 4 నెమ్మదించి నడుస్తూనే ఉంది, ఆనాటి అథ్లాన్ పొగ వచ్చి కాలిపోయింది. ఇప్పుడు ఏ కంపెనీ చిప్పయినా తన్ను తాను కాపాడుకోవడం నేర్చుకుంది. ప్రాణానికి భయం లేకపోయినా, ఆట తడబడేది మాత్రం ఆ తగ్గింపు వల్లే.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి వద్దాం. దాన్ని తిప్పేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు. దాని లోపలి లెక్కలు కంపెనీలు బయటపెట్టవు. కాబట్టి ముందు కంపెనీ ఇచ్చిన దారినే వాడండి. లెనోవో లీజియన్‌లో ఎఫ్‌ఎన్, క్యూ నొక్కితే, అసూస్ గేమింగ్ మోడళ్లలో ఎఫ్‌ఎన్, ఎఫ్5 నొక్కితే పద్ధతి మారుతుంది. నోట్‌బుక్ ఫ్యాన్ కంట్రోల్ లాంటి సాఫ్ట్‌వేర్ మీ మోడల్‌కి తయారైన ఫైలు ఉంటేనే ముట్టుకోవాలి.

లెక్క కూడా చూసుకోండి. ఫ్యాన్‌ను నిమిషానికి 4000 చుట్ల నుంచి 5000కి పెంచితే గాలి 25 శాతం పెరుగుతుంది. మోత దాదాపు 5 డెసిబెళ్లు పెరుగుతుంది, ఫ్యాన్ మింగే కరెంటు రెట్టింపుకు దగ్గరవుతుంది. పైగా వేడి చిప్పు నుంచి పేస్టుకి, రాగికి, రేకులకి, ఆ తర్వాతే గాలికి చేరుతుంది. ఫ్యాన్ చేయి పడేది ఆ చివరి మజిలీ మీద మాత్రమే.

నేను గీసే ఫ్యాన్ గీతలో ఎత్తుపల్లాలు తక్కువ. 55 డిగ్రీల దాకా దాదాపు నిశ్శబ్దం. 60 నుంచి 78 దాకా ఒకే మధ్యస్థమైన వేగం, బల్లపరుపుగా. ఆ పైన నిదానంగా పెంచి, 88 దగ్గర దాని పూర్తి సత్తా వాడనిస్తాను. మధ్యలో ఆ చదును ఎందుకంటే, బ్రౌజర్ తెరిచినా చిప్పు వేడి ఒక్క సెకను పాటు పైకెగిరి దిగుతుంది. ఫ్యాన్ ఆ ఎగురుడు వెంట పరిగెత్తితే మోత లేస్తూ పడుతూ ఉంటుంది. నిలకడగా ఉన్న శబ్దాన్ని చెవి కాసేపటికి మరిచిపోతుంది, మారుతూ ఉండే శబ్దం మరిచిపోనివ్వదు. పక్క మంచం మీద పరీక్షకి చదువుకునే కుర్రాడు ఉన్నాడని గుర్తుంచుకుని ఈ గీత గియ్యాలి. హిస్టెరిసిస్ అనే సెట్టింగు ఉంటే ఐదారు డిగ్రీలు పెట్టండి, ఫ్యాన్ దిగే ముందు కొంచెం ఆగుతుంది. లాప్‌టాప్ వెనక భాగాన్ని ఒక అంగుళం ఎత్తి పెట్టడం వీటన్నిటికీ తోడు, దానికి ఖర్చు లేదు.

ఇంత చేసినా ఏసీ లేని గదిలో గాలి 38 డిగ్రీలుంటే, ఏసీ గదిలోని 25తో పోల్చినప్పుడు ఆ 13 డిగ్రీల తేడా ఇంచుమించు అంతా నేరుగా చిప్పు మీదికి చేరుతుంది. లాప్‌టాప్‌ల వివరాల పత్రం చివరి పేజీ తీసి చూడండి. చాలా మోడళ్లకి పని చేయాల్సిన వాతావరణం గరిష్ఠంగా 35 డిగ్రీలనే ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో వేసవి మధ్యాహ్నం అంతకంటే చల్లగా ఎప్పుడుంటుంది? ఇక్కడ లక్ష రూపాయలు తీసుకుని అమ్మే కంపెనీలు 40 డిగ్రీల గదిలో గంటసేపు ఆట నడిపి, ఎన్ని వాట్ల దగ్గర నిలబడిందో, ఫ్యాన్ మోత ఎన్ని డెసిబెళ్లో అట్టపెట్టె మీదే అచ్చు వెయ్యాలి. ఫ్యాన్ గీత, వాట్ల పరిమితి ఖరీదైన మోడళ్లకే కాకుండా ప్రతి కొనుగోలుదారుకీ తెరిచి ఇవ్వాలి. ఈ వేసవిలో కొనబోయేవాళ్లు షాపువాణ్ణి ఫ్రేముల సంఖ్య ఒక్కటే అడగకుండా ఈ రెండూ అడగండి.