ఎక్కడ విన్నావు, ఎవరు చెప్పారు?

మా డిపార్ట్‌మెంట్ బీరువాలో పాత థీసిస్‌లు వరసగా ఉంటాయి. నల్ల రెక్సిను అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. వీపుల మీది పేర్లు చదువుకుంటూ పోతే పెళ్లి శుభలేఖలు తిరగేసినట్టే ఉంటుంది. ఫలానా వారి నవలలు, సమగ్ర పరిశీలన. ఫలానా కవి, జీవితం - సాహిత్యం. మొదటి అధ్యాయంలో ప్రక్రియ పుట్టుక, రెండో అధ్యాయంలో రచయిత పుట్టుక, ఆపైన కథల సారాంశాలు, చిట్టచివర ఉపసంహారం. ఆ బీరువాలో నాదీ ఒకటి ఉంది. అందుకే వెటకారం చేసే హక్కు నాకుందనుకుంటాను.

తర్వాత నేనే గైడునయ్యాను. కాగితాల మీద ఈ పనికి ‘పర్యవేక్షకులు’ అని పేరు. ఆ మాట సంతకం పెట్టేటప్పుడు తప్ప ఎవరి నోటా రాదు. పీహెచ్‌డీ చేస్తున్నానని ఎవరైనా అంటే మొదట వచ్చే ప్రశ్న “మీ గైడెవరు?” పెళ్లి సంబంధాల్లో గోత్రం అడిగినట్టే. ఈ డిగ్రీ 19వ శతాబ్దంలో జర్మనీలో ఇప్పటి రూపానికి వచ్చింది. అక్కడివాళ్ళు గైడును ‘డాక్టర్‌ఫాటర్’ అంటారు, అంటే డాక్టరు నాన్న. మన గోత్రం ప్రశ్నకు అది దగ్గరగానే ఉంది.

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ కంటే గురువు నాన్నలా చూసే ఈ సంప్రదాయమే ముందు పుట్టింది. తండ్రి పోయి, చదువు సాగే దారి లేక విజయనగరంలో వారాలు చేసుకుంటున్న గురజాడ అప్పారావును కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి తన ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి చదివించారు. ఆ ఊళ్లోనే గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి 1880లో బడిపంతులుగా పర్లాకిమిడి వెళ్ళారు. పుట్టింది వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863లో. ముఖలింగం గుడి శాసనాలు చదవడం తనంతట తానే నేర్చుకున్నారు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. ఒక భాష శబ్దాలను పట్టుకోవడానికి వెళ్లిన మనిషి చెవులు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. అయినా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కేస్తే నలభై ఏళ్ల పైమాటే. ఇప్పటి నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లు గరిష్ఠ గడువు. గిడుగుకు రిజిస్ట్రేషన్ ఎప్పుడో రద్దయ్యేది.

ఆయనకు గైడు లేడు. కానీ గైడు అడగాల్సిన ప్రశ్నలు తనకు తానే వేసుకున్నారు. ఎక్కడ విన్నావు? ఎవరు చెప్పారు? నా దృష్టిలో గైడు పని అంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. మిగతాదంతా గుమస్తా పని.

మొదటి ఏడాదంతా కోత పని. అయిదారేళ్ల కిందట ఒకమ్మాయి టాపిక్ రాసుకొచ్చింది: ‘ఉత్తరాంధ్ర జానపద కళలు - సమగ్ర పరిశీలన’. తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగవతం, ఇంకా ఏవేవో కలిపి పది అధ్యాయాలు. పదిమంది పదేళ్లు తిరిగినా తెమలని పని. సినాప్సిస్ పక్కన పెట్టి “మీ ఊళ్లో ఏముంది?” అన్నాను. కాసేపు నేల చూసింది. “మా పెదనాన్న తప్పెట కట్టేవాళ్లు సార్” అంది, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. యూనివర్సిటీకి తేవలసిన విషయం యూనివర్సిటీలోనే ఎక్కడో ఉంటుందని, ఇంట్లో ఉన్నదానికి అంత విలువ ఉండదని ఆమె నమ్మకం. ఈ నమ్మకం మా ప్రాంతపు పిల్లల్లో చాలామందికి ఉంది. దాన్ని పోగొట్టడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. ‘ఉత్తరాంధ్ర’ కొట్టేశాం, ‘కళలు’ కొట్టేశాం, ‘సమగ్ర’ అన్న మాటను మరీ గట్టిగా కొట్టేశాం. మిగిలింది ఒక్క మండలం, అందులో తప్పెటగుళ్ల దళాలు.

తప్పెటగుళ్లు గొల్లవారి ఆట. గుండ్రటి తప్పెటను రొమ్ముకు కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్లతో గంతులేస్తూ పాడతారు. చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా లాభం లేదు. ఆ అమ్మాయి ప్రశ్నావళి తయారుచేసుకుని వెళ్ళింది. మొదటి ప్రశ్న: “ఈ కళారూపం ఉద్భవ వికాసాలు ఏమిటి?” ఎదురుగా నులకమంచం మీద కూర్చున్న ముసలాయన “ఏటి తల్లీ, నీకేటి కావాలో సక్కగా సెప్పు” అన్నాడట. ప్రశ్నావళి మడిచి సంచీలో పెట్టుకుని, “మీకు ఆట ఎవరు నేర్పారు తాతా?” అని అడిగిందట. ముసలాయన రెండు గంటలు మాట్లాడాడు.

నిజానికి ప్రశ్నావళి చెడ్డది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున మాండలిక వృత్తిపదకోశం చేసినప్పుడు అదే ఆయుధం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది, చేనేత పదాలది 1971లో. నాగలి భాగాలు ఒక్కొక్కటీ చూపించి, మీ ఊళ్లో దీన్నేమంటారని రైతునే అడిగించారు. అడిగే మాట రైతు భాషలో ఉండాలి, అంతే. ‘ఉద్భవ వికాసాలు’ అనేది ఏ ఊరి భాషా కాదు, మా క్లాసురూముల భాష. మేం నేర్పిందే ఆ పిల్ల అప్పజెప్పింది.

అసలు గొడవ తర్వాత వచ్చింది. పాటలన్నీ శుభ్రంగా రాసి తెచ్చింది. చేతిరాత ముత్యాల్లా ఉంది. నాలుగు పేజీలు చదివేసరికి అనుమానమొచ్చింది. ఫోనులో రికార్డింగు పెట్టించాను. పాటలో ‘ఎల్లిపోనాది’ అని వినిపిస్తోంది, కాగితం మీద ‘వెళ్ళిపోయినది’ అని ఉంది. గొంతు ‘సెప్పినాడు’ అంటోంది, రాత ‘చెప్పెను’ అంటోంది.

“ఇదేమిటమ్మా?”

“తప్పులుంటే బాగోదని దిద్దాను సార్.”

“పాడిందెవరు?”

“పెదనాన్న.”

“మరి ఈ కాగితంలో పాడుతున్నదెవరు?”

జవాబు లేదు. రెండు నెలలు కూర్చుని మొదటి నుంచి మళ్లీ విని రాసింది. ఒక్కో పాట కింద ఎవరు పాడారు, వయసెంత, ఏ ఊరు, ఏ రోజు, గంగమ్మ పండగకా లేక మనం అడిగితే పాడారా అన్నవి రాయించాను. ఆఖరి వివరం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పండగకు పాడిన పాట, పరిశోధకుడి కోసం పాడిన పాట ఒకటి కావు. రెండోదానిలో పాడేవాడు మన ముఖం చూస్తూ పాడతాడు.

గిడుగు కొట్లాట కూడా ఇదేగా. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొర ఈ జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగొకటి, బడిలో చెప్పే తెలుగొకటి ఎందుకున్నాయని అడిగినప్పుడు గిడుగు ఉపన్యాసం దంచి ఊరుకోలేదు. పాత వచనం తిరగేసి వాడుక మాటలకు ఉదాహరణలు పోగేశారు. ఆ పోగే ‘గద్య చింతామణి’. పేజీ చూపించి వాదించేవాడితో వాదన కష్టం. ఆయన పోయిన ఎనభై ఏళ్లకు, ఆయన పుట్టిన జిల్లాలోనే, ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ పెరిగిన పిల్ల, సొంత పెదనాన్న మాటను తప్పని దిద్దింది. అందుకు ఆమెను అనలేను.

పుస్తకాల మీద పనిచేసేవాళ్లకూ అవే ప్రశ్నలు, కాస్త వేషం మార్చుకుని. ఇంకో కుర్రాడు కన్యాశుల్కం మీద పనిచేస్తూ కొటేషన్ల మీద కొటేషన్లు దించాడు. “ఏ కన్యాశుల్కం?” అన్నాను. తెల్లబోయాడు. విజయనగరంలో 1892లో ఆడి, 1897లో అచ్చయిన నాటకం ఒకటి. గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి 1909లో వేసింది మరొకటి. మనందరి నోళ్లలో నానేది ఈ రెండోది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక మనిషి ఆ ఏళ్లలో ఎంత మారాడో కనిపిస్తుంది. ఆ మార్పే థీసిస్ కావచ్చు. బజార్లో దొరికిన చౌక ప్రతి ఒక్కటీ పట్టుకుని రాస్తే అది పరీక్ష జవాబు.

కథల మీద పనిచేసేవాళ్లను నేను శ్రీకాకుళం కథానిలయానికి తోలతాను. కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరిలో తెరిచిన ఆ ఇల్లు లేకపోతే తెలుగు కథ మీద సగం థీసిస్‌లు ఉండేవి కావు. సంకలనంలో చదివిన కథను అది మొదట పడిన పత్రికలో మళ్లీ చదవమంటాను. తేదీ ఒక్కోసారి మారిపోతుంది, ముగింపు కూడా మారి ఉంటుంది. పక్కపేజీలో ఏ సబ్బు ప్రకటన ఉందో కూడా చూసి రమ్మంటాను. ఇది వేళాకోళం కాదు, ఆ కథ ఎవరి చేతుల్లోకి వెళ్లిందో ఆ సబ్బు చెబుతుంది. స్కూలు మాస్టారుగా బతికిన రామారావు గారిని కథకులంతా మాస్టారనే అన్నారు. కొత్తగా రాసేవాళ్లు కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లేవారు. ఏ యూనివర్సిటీ ఆయనకు గైడ్‌షిప్ ఇవ్వనక్కర్లేకపోయింది.

నిబంధనల గురించి ఎక్కువ చెప్పను. యూజీసీ 2022 లెక్కన ప్రొఫెసరు దగ్గర ఒక సమయంలో ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించకూడదు. మంచి నియమం. నా మటుకు నలుగురే ఎక్కువ. కాపీ పట్టడానికి సాఫ్ట్‌వేర్ ఉంది, పోలిక పది శాతం దాటితే ఒప్పుకోరు. తెలుగులో దాని ఆటలు అంతగా సాగవు. అను ఫాంట్లలో టైపు చేసిన పేజీ దానికి పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. ఇక్కడ పనికొచ్చేది గైడు చెవే. మూడు పేజీలు తడబడుతూ నడిచిన వచనం ఉన్నట్టుండి రైలు పట్టాలెక్కినట్టు సాగితే, పెన్సిలు పెట్టి ఆపాలి: ఇదెక్కడ విన్నావు?

గైడు చేసే పెద్ద ద్రోహం తిట్టడం కాదు, అధ్యాయం తీసుకుని సొరుగులో పడేయడం. నా రెండో అధ్యాయం ఏడు నెలలు ఒకరి సొరుగులో పడుకుంది. తిరిగొచ్చినప్పుడు మొదటి పేజీలో ఒక టిక్కు, అంతే. ఆ కోపంతోనే పదిహేను రోజుల్లో తిరిగిచ్చే అలవాటు చేసుకున్నాను. ఎర్ర పెన్ను కాదు, పెన్సిలు. పెన్సిలు గీత చూస్తే విద్యార్థి ఎదురు చెప్పగలడు. అలాగని నేనేమీ నికార్సయిన గైడునని కాదు. ఒక కుర్రాడికి నాకిష్టమైన టాపిక్ అంటగట్టాను. అతనికి అందులో ఊపిరాడలేదు. డీఎస్సీలో పోస్టు రాగానే మానేశాడు. ఉద్యోగం వచ్చిందని అతనన్నాడు. నేనూ పైకి అదే చెబుతాను.

తప్పెటగుళ్ల అమ్మాయికి డిగ్రీ వచ్చింది. వైవా రోజు శాలువాలు, మిఠాయిలు, ఫోటోలు మామూలే. థీసిస్ పీడీఎఫ్ శోధ్‌గంగ వెబ్‌సైటులో చేరింది, ఎవరైనా ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు. పాట మాత్రం అక్కడ లేదు. నలభై గంటల రికార్డింగు ఆమె ఫోనులో ఉండేది. ఫోను రెండుసార్లు మారింది. ఇప్పుడు పదకొండు గంటలే మిగిలాయని మొన్న చెప్పింది. నేనైనా ముందే అడగాల్సింది, అడగలేదు. ఈ జిల్లాల్లో గైడ్లుగా ఉన్నవాళ్లకు, ఉండబోయేవాళ్లకు నాదొకటే మనవి. ఈసారి మీ స్కాలర్ థీసిస్ పట్టుకొచ్చినప్పుడు, సంతకం పెట్టేముందు ఆ రికార్డింగులన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేయించి, పాడినవాళ్ల పేర్ల పట్టీతో సహా మీ లైబ్రరీలో అప్పగించి రసీదు తెమ్మనండి.